ఇంటి యందము – ఇంటి నెమ్మది

రాజుల రెండవ గ్రంథము నాలుగవ అధ్యాయములో షూనేము పట్టణమునందలి యొక గృహిణి వృత్తాంతము గలదు. ఎలీషా ప్రవక్త ఆ మార్గమున రాకపోకలు సలుపుచుండుట గమనించి, ఆమె తన పెనిమిటితో ఆలోచించి, ఆయన బస చేయుటకై తమ యింటిమీద నొక చిన్న గది కట్టించి, అందులో నాలుగు వస్తువుల నుంచెను: మంచము, బల్ల, పీట, దీపస్తంభము. ఆమె సామాన్యురాలు కాదు. ఘనురాలని గ్రంథమే తెలుపుచున్నది. తివాసులు పరపింపదలచినచో పరపింపగలదు. వెండి పాత్రలతో నింపదలచినచో నింపగలదు. ఆమె అట్లు చేయలేదు. దారి నడిచి యలసివచ్చిన మనుష్యునకు పండుకొనుటకు చోటు, వ్రాసికొనుటకును భుజించుటకును బల్ల, కూర్చుండుటకు పీట, చీకటివేళ వెలుతురు అమర్చి, తక్కిన స్థలమును ఖాళీగా విడిచిపెట్టెను.

ఆదివారపు బడిలో ఈ కథ చెప్పునపుడు మనము ఆమె కుమారుడు మరల బ్రతికిన యద్భుతమునొద్దకు త్వరపడుదుము, గదిని దాటిపోవుదుము. నేనును ఎన్నియో యేండ్లు అట్లే దాటిపోతిని. ఆ గదిని గూర్చి నన్ను ఆలోచింపజేసినవాడు మన పాఠశాలలో చదువుకొనుచున్న యొక బాలుడు.

అతడు అప్పుడు ఎనిమిదవ తరగతిలో నుండెను. నాలుగు దినములు వరుసగా బడికి రాకపోవుటచే ఒక సాయంకాలము వాని యింటికి బయలుదేరితిని. సందు మొదటనే నన్ను చూచి, పరుగున నెదురువచ్చి, దారికి అడ్డముగా నిలిచి, “మాస్టారూ, మీరు రావద్దండీ. మా ఇల్లు బాగుండదు” అనెను. జ్వరముచే ముఖము వాడిపోయి యుండెను గాని, ఆ ముఖమునందు జ్వరముకంటె సిగ్గే యెక్కువగా కనబడెను. ఇంతలో వాని తల్లి గడపలోనికి వచ్చి, “వాడి మాటలకేం గాని, దయచేయండి మాస్టారూ” అని చాప పరచెను.

ఉన్నది ఒక్కటే గది. గోడలకు సున్నము, క్రింద మోకాలి యెత్తువరకు ఎర్రమన్ను పూత. ఒక గూటిలో అద్దము, దువ్వెన. మరియొక గూటిలో మందుసీసా. చెక్కపలకమీద చింతపండుతోను బూడిదతోను తోమిన చెంబులు, గ్లాసులు పెద్దవాని ప్రక్క చిన్నవిగా వరుసగా బోర్లింపబడి యుండెను. చిన్న కిటికీ యొకటి. దానికి తలుపు లేదు; వాన వచ్చినపుడు దించుకొనుటకై ఒక గోనెపట్టా చుట్టి పైన కట్టబడి యుండెను. ఆ కిటికీ క్రింద, వెలుతురు ఎడమచేతి వైపునుండి పుస్తకముపై పడునట్లుగా, ఏటవాలుగానున్న చిన్న వ్రాతబల్ల. ఆ బాలుని తండ్రి వడ్రంగి. ఇతరుల యిండ్లలో మిగిలిన చెక్కముక్కలు తెచ్చి కుమారునికై దానిని చేసెనట. నేను ఆ గదిలో అరగంటసేపు కూర్చుంటిని. ప్రొద్దుటినుండి పరీక్షపత్రముల తొందరలో నున్న నా మనస్సు ఆ దినమున మొదటిసారిగా నెమ్మదించినది.

అక్కడనుండి మా యింటికి వచ్చి, తలుపు తీసి, చిత్రముగా నా యిల్లు నాకే క్రొత్తగా కనబడెను. అంతకు రెండేండ్లకు పూర్వము వాయిదాల పద్ధతిమీద నొక అద్దాల బీరువా కొనియుంటిమి. దానినే షోకేసు అందురు. అందులో పెండ్లికి వచ్చిన ప్లాస్టికు హంసలు, ఆగిపోయిన గడియారము, ఒక్కనాడును టీ పోయని పింగాణీ కప్పులు, ఎవరో యిచ్చిన తాజమహలు బొమ్మ. పిల్లలు పగులగొట్టుదురని తాళము వేసి, తాళపుచెవి ఎక్కడనో పోగొట్టుకొంటిమి. అందుచే ఆ వస్తువులను మేము వాడుకొనము, తుడువము, నిజము చెప్పవలెనన్న చూడనైనను చూడము. ఇంతకంటె నాకు విచారము కలిగించినదేమనగా, దానిని పెట్టుటకు వేరుచోటు లేక కిటికీలో సగమునకు అడ్డముగా నుంచితిమి. ఆ సగము వెలుతురునకు బదులుగా నా జీతములో కొంత భాగమును నెలనెలా చెల్లించుచుంటిని. ఆ బాలుడు తన యింటిని గూర్చి సిగ్గుపడుచుండెను. నేను నా యింటిని గూర్చి గర్వపడుచుంటిని. మా యిరువురిలో ఎవరికిని చూపు సరిగా లేదు.

అందము బజారునుండి తెచ్చి యింటిలో చేర్చవలసిన వస్తువని మనలో చాలమంది తలంపు. ఈ తలంపు చాల మంది తల్లిదండ్రులను అప్పులపాలు చేసినది. చాల మంది పిల్లలను స్నేహితులను ఇంటికి పిలువకుండ చేసినది. నా యభిప్రాయము వేరు. వస్తువు తన పనికి సరిపోయి, తన చోట నుండి, చేతికి అందుబాటుగా నున్నపుడు దానియందు అందము తానే పుట్టును. అట్టి వస్తువుల నడుమ వెలుతురునకును గాలికిని చోటున్నచో మనస్సునకు నెమ్మది కలుగును. దీనికి దృష్టాంతముగా మనము దినమున పదిసార్లు చేతబట్టుకొనియు చూడని యొక వస్తువును తీసికొందము. అది చెంబు.

చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అను దంపతులు అమెరికాలో కుర్చీలు మొదలగు గృహోపకరణములకు రూపకల్పన చేయుటలో మిక్కిలి ప్రసిద్ధులు. మన దేశములోని చిన్న పరిశ్రమలయందు తయారగు వస్తువుల నాణ్యము చెడిపోకుండ ఏమి చేయవలెనో సలహా చెప్పుటకై భారత ప్రభుత్వము వారిని ఆహ్వానించెను. వారు దేశమంతట తిరిగి 1958వ సంవత్సరమున నొక నివేదిక వ్రాసిరి. దాని ఫలితముగనే 1961లో అహమ్మదాబాదునందు జాతీయ రూపకల్పన విద్యాసంస్థ వెలసినది. దేవాలయములను, రాజభవనములను, పట్టుచీరలను చూచిన ఆ దంపతులు ఆ నివేదికలో వస్తువులన్నిటిలోను మిన్నగా పొగడినది దేనిని? ఉత్తరదేశమున లోటా యని పిలువబడు మన చెంబును! అది యే యొక్క పనివాని బుద్ధినుండి పుట్టినది కాదనియు, తరతరముల వారి చేతులలో కొద్దికొద్దిగా దిద్దుకొన్నదనియు వారు గ్రహించిరి. ఎంత నీరు పట్టవలెను, చంకను పెట్టుకొన్న నెట్లుండును, నిండుగా నున్నపుడు బరువు ఎట్లు నిలుచును, వంచినపుడు ధార ఎట్లు పడును, తోముట సులభమా, చివరకు పాత లోహముగా అమ్మిన ఎంత వచ్చును – ఇట్టి ప్రశ్నలెన్నింటికో ఆ చిన్న పాత్ర సమాధానము చెప్పుచున్నదని వారు వ్రాసిరి.

విద్యార్థులారా, మీరును నేడు ఇంటికి పోయి ఒక పాత ఇత్తడి చెంబును ఎదుట పెట్టుకొని పరీక్షింపుడు. దాని పొట్ట గుండ్రముగా నున్నది. ఒకే పరిమాణము గల నీటిని పట్టు ఆకారములన్నిటిలో గోళమునకు ఉపరితలము తక్కువయని మీ గణితశాస్త్రము చెప్పును. అనగా తక్కువ లోహముతో ఎక్కువ నీరు. బరువు పొట్టలో క్రిందుగా నుండుటచే చేయి తగిలిన మాత్రమున చెంబు పడిపోదు, కొంచెము ఊగి నిలుచును. మెడ సన్నము, అందుచే నడచునపుడు నీరు తొణకదు, వ్రేళ్ళు అంచు క్రింద నిమిడి పట్టు జారదు, నూతిలోనికి వదలునపుడు చేంతాటి యుచ్చు అక్కడ బిగిసికొనును. అట్లని మరీ సన్నము కాదు; తోముటకు చేయి లోపలికి పోవలెను గదా! పెదవి వెలుపలికి విచ్చుకొని యుండుటచే ధార తెగి పడును, క్రిందికి కారి చేయి తడుపదు. ఎత్తిపట్టి పెదవి తగులకుండ నీరు త్రాగు మన యలవాటునకు ఈ పెదవియే యాధారము.

ఇందులో ఎక్కడను పువ్వు చెక్కలేదు, రంగు పూయలేదు. అయినను పొట్టనుండి మెడకును, మెడనుండి పెదవికిని పోవు ఆ గీతను కంటితో అనుసరించి చూడుడు. దానిని దిద్దుటకు చిత్రకారునికైనను ఏమియు మిగులలేదు. ప్లాస్టికు మగ్గును నేను దూషింపను; అది తేలిక, చవుక; మా స్నానపుగదిలో నున్నదియు నదియే. అయితే అది పగిలిన దినమున చెత్తకుప్పకు పోవును. ఇత్తడి చెంబు సొట్టపడినను తూకమునకు విలువ చేయును, కరగి మరల చెంబు కాగలదు. మా తల్లిగారి చెంబుమీద వారి తల్లిగారి పేరు పొడి యక్షరములతో కొట్టబడి యున్నది.

చెంబునకు చెల్లినది యింటికిని చెల్లును. గోదావరి, కృష్ణా మండలములలో పూర్వము కట్టిన మండువా యిండ్లను మీలో కొందరు చూచియుందురు. నడుమ ఆకాశమునకు తెరచిన చదరపు స్థలము, దాని చుట్టును వసారా, నాలుగు వైపుల పెంకుల కప్పులు లోపలికి వాలి యుండును. వేసవిలో వేడియెక్కిన గాలి తేలికపడి మండువాలోనుండి పైకి పోవును. దాని స్థానమును నింపుటకై వీధితలుపునుండియు పెరటితలుపునుండియు క్రొత్తగాలి వచ్చును. వర్షమునకు నాలుగు చూరులనుండి ధారలు ఇంటి నడుమ పడి తూముద్వారా వెలుపలికి పోవును. ఎండయు, వానయు, వెన్నెలయు ఇంటి మధ్యకు వచ్చునట్లు చేసి, మనుష్యులను నీడలో కూర్చుండబెట్టిన నేర్పు అది.

ఇట్టి యిండ్లను పొగడువారు ఒక సంగతి మరువరాదు. అవి భూములు గలవారి యిండ్లు. మా తాతగారు అట్టి యొక యింటి పొలములో జీవితమంతయు పనిచేసిరి గాని, ఆ యింటి మండువా ఎట్లుండునో ఎరుగరు. పెరటి దొడ్డినుండియే వారి రాకపోకలు. నేను మొదటిసారి ఆ యింటి నడుమ నిలిచినది, ఆ వంశీకులు దానిని విడిచి నగరమునకు పోయిన తరువాత, బడిపిల్లలను వెంటబెట్టుకొని చూడబోయినపుడు. తల పైకెత్తి ఆ చదరపు ఆకాశమును చూచితిని. అందము అందమే, దానిని కాదనుటకు నాకు నోరు రాలేదు. అయితే ఆ వెలుతురు మీద ఒక్కరికే హక్కు లేదని మాత్రము అనుకొంటిని. పెంకుటింటివారు నాలుగు మట్టిపెంకులు తీసి వాని స్థానమున అద్దపు పెంకులు పెట్టించుకొన్నచో, చీకటిగదిలోనికి పగలంతయు ఆకాశము దిగివచ్చును. మా తాతగారి యింటిలో తుదకు ఆ పని చేసినవారు మా తండ్రిగారు.

వెలుతురును ఇంటిలోనికి తెచ్చిన చాలదు, దానిని నిలుపవలెను. నల్లబడిన గోడ వెలుతురును మ్రింగివేయును. తెల్లని గోడ మరల విసరును. సున్నమునకు మించిన తెలుపు, అంత చవుకగా, మరియొకటి లేదు. సున్నపురాతిని బట్టీలో కాల్చగా బొగ్గుపులుసు వాయువు పోయి పొడిసున్నము మిగులును. దానికి నీరు చేర్చగా కుతకుత నుడికి తడిసున్న మగును. గోడకు పూసిన పిమ్మట అది గాలినుండి ఆ వాయువునే మరల గ్రహించి క్రమక్రమముగా రాయి యగును. సున్నము వేసిన గోడ తనపైని పలుచని సున్నపురాతి పొరను తానే యేర్పరచుకొన్నదన్నమాట. దాని క్షారగుణముచే బూజు, పురుగు త్వరగా చేరవు. పై తరగతులవారు ఈ సమీకరణమును పరీక్షలో వ్రాయుదురు గాని, పండుగకు తండ్రి సున్నము వేయునపుడు ఆ రసాయనశాస్త్రమే తమ గోడమీద జరుగుచున్నదని తలంపరు. చేతులకు, కన్నులకు తగులకుండ జాగ్రత్త పడవలెనని వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక చిందరవందర. 1774లో ఆన్ లీ యను స్త్రీ ఎనిమిదిమంది యనుచరులతో ఇంగ్లండునుండి అమెరికాకు పోయి అక్కడ నొక క్రైస్తవ సమాజమును నెలకొల్పెను. వారిని షేకరులు అందురు. వివాహము చేసికొనరు గనుక నేడు వారి సంఖ్య వ్రేళ్ళతో లెక్కింపదగినంతకు తగ్గినది. వారి సిద్ధాంతములన్నియు మనకు సమ్మతములు కావు. కాని చేతిపనియు ప్రార్థనయే యని నమ్మి వారు చేసిన కుర్చీలు, పెట్టెలు, బల్లలు నేడు గొప్ప ప్రదర్శనశాలలలో నున్నవి. వారి గదులలో గోడపొడవునను, తల యెత్తున, ఒక చెక్కపట్టీయు దానికి వరుసగా కొయ్యమేకులును ఉండును. టోపీలు, చీపుళ్ళు, బట్టలు, తుదకు కుర్చీలను సైతము వానికి తగిలించి నేల నంతయు ఊడ్చుకొందురు.

ఇది చదివినపుడు నాకు నవ్వు వచ్చినది. మన పాత యిండ్ల చిలుకకొయ్య యేమి? దండెము ఏమి? పిల్లికిని చీమకును అందకుండ పెరుగుకుండను గాలిలో నిలిపిన ఉట్టి యేమి? నేలను ఖాళీగా నుంచు విద్య మనకు తెలియనిది కాదు, మరచితిమి, అంతే. ఇప్పుడు మన గదులలో నేలమీద సంచులు, మంచముక్రింద అట్టపెట్టెలు, మంచముమీద ఉతికిన బట్టల గుట్ట, గోడకు పోయిన సంవత్సరపు క్యాలండర్లు మూడు, ప్రతి మూలను సెల్ ఫోనుల తీగలు. ఇవి ఒక్కొక్కటియు చిన్నవే. కాని ప్రతిదియు కంటితో, “నన్ను తీయవలెను, నన్ను సర్దవలెను” అనుచునే యుండును. అట్టి గదిలో కూర్చుండి పిల్లవానికి పాఠము తల కెక్కలేదని కోపపడుట న్యాయము కాదు. అధికముగా నేమియు కొననక్కరలేదు. గోడకు అయిదు కొయ్యమేకులు, పాత క్యాలండర్లు తీసివేయుటకు అయిదు నిమిషములు చాలును.

నెమ్మది యనునది కేవలము మాటవరుస కాదు. రోజర్ ఉల్రిచ్ అను పండితుడు 1984లో నొక పరిశోధన ప్రకటించెను. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున నొక ఆసుపత్రిలో పిత్తాశయమునకు శస్త్రచికిత్స చేయించుకొన్న 46 మంది రోగుల వివరములను ఆయన పరిశీలించెను. వారిలో సగముమంది మంచములు చెట్లు కనబడు కిటికీల యొద్దను, సగముమందివి ఇటుకగోడ కనబడు కిటికీల యొద్దను ఉండెను. వయస్సు మొదలగు విషయములలో సరిసమానులైన వారిని ఇద్దరిద్దరిగా జతపరచి చూడగా, చెట్లను చూచినవారు సగటున 7.96 దినములకును, గోడను చూచినవారు 8.70 దినములకును ఇండ్లకు పోయిరి. మొదటివారు తీవ్రమైన నొప్పిమందులను తక్కువగా కోరిరి. ఒక్క పరిశోధనతో అంతయు తేలిపోయినదని నేననను. కాని పచ్చదనము కంటికి మందువంటిదని మన యవ్వలు చెప్పునది వట్టిమాట కాదనుటకు ఇది చాలును. పెరడు లేనివారు పాత డబ్బాలో నొక బంతిమొక్కనైనను కిటికీలో పెట్టుకొనవచ్చును. పట్టణపు అద్దెయిండ్లవారికి ఇంటి యజమాని గోడకు మేకు కొట్టనీయకపోవచ్చును గాని, మొక్కకు అభ్యంతరము చెప్పడు. ప్లాస్టికు పువ్వులను గూర్చి నా యభిప్రాయమును అడుగకుడు.

వాకిటి ముగ్గును గూర్చి కూడ నొక మాట చెప్పవలెను. మన సంఘములలో కొందరు ముగ్గు వేయుదురు, కొందరు వేయరు. ఆ తగవు జోలికి నేను పోను. క్రిస్మసు ఉదయమున మా పేటలో వాకిలివాకిలికిని నక్షత్రపు ముగ్గు వేసియుండుటను చూచుచు గుడికి నడచిపోవుట నాకు చిన్నప్పటినుండియు ఇష్టము. గుప్పెడు పిండి. సాయంకాలమునకు కాళ్ళక్రింద చెరిగిపోవును. దానిని దాచుకొనవలెనని గాని, అద్దాల బీరువాలో పెట్టవలెనని గాని ఎవరికిని తోచదు.

అద్దాల బీరువా మాట వచ్చినది గనుక దాని సంగతి కూడ చెప్పెదను. వాయిదాలు తీరిన మరుసటి మాసమున ఆ బాలుని తండ్రిని పిలిపించి, “దీని తలుపులు తీసివేయగలరా?” అని యడిగితిని. ఆయన చుట్టును తిరిగి చూచి, “చెక్క మంచిదేనండి మాస్టారూ, పని మంచిది కాదు” అని తీర్పు చెప్పి, ఒక్క పూటలో తలుపులు ఊడదీసి, బీరువాను కిటికీ ప్రక్కకు జరిపి, పలకలను పుస్తకముల యెత్తునకు సరిచేసెను. హంసలు పొరుగు పిల్లలకు పోయినవి. పింగాణీ కప్పులలో ఇప్పుడు మేము టీ త్రాగుచున్నాము. రెండు పగిలినవి, ఎవరును ఏడువలేదు. కూలి యిచ్చునపుడు ఆయన కొంచెము మొగమాటపడి, ఆ పాత అద్దములు మాకు అక్కరలేనియెడల తాను తీసికొనిపోవుదుననెను.

పోయిన శ్రావణమాసమున మరల వారి యింటికి పోతిని. ఈసారి సందులో నాకెవరును అడ్డము రాలేదు. వాన జోరుగా కురియుచుండెను. కిటికీకి గోనెపట్టా లేదు. కొలతకు కోసిన చట్రములో మా బీరువా అద్దము బిగింపబడి యుండెను. దాని వెలుపల నీటిధారలు జారుచుండగా, లోపల ఏటవాలు బల్లయొద్ద ఆ బాలుడు దీపము వేయకయే చదువుకొనుచుండెను.